తుడిచే ముందు చదవాలి

మా ఊళ్ళో బస్టాండు వెనక ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. మొరాయించిన బండి ఏది వచ్చినా అక్కడి పెద్ద మెకానిక్ ముందు స్పార్క్ ప్లగ్ విప్పేవాడు. దాన్ని ఎండకేసి తిప్పి కాసేపు చూసి, పని నేర్చుకుంటున్న కుర్రాడి చేతిలో పెట్టేవాడు. "తుడవకురా, ముందు చూసి చెప్పు" అనేవాడు. "నల్లగా ఉందన్నా" అంటే ఊరుకునేవాడు కాదు. "పొడి నలుపా, తడి నలుపా? వేలికి మసి అంటుతోందా, జిడ్డు తగులుతోందా? వాసన చూడు" అని అడిగేవాడు. కుర్రాడు జవాబు చెప్పాకే గుడ్డ అందుకునేవాడు.

ఈ విద్య పాత మోటారు సైకిళ్ళతో పెరిగింది. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీలు, పల్లెటూళ్ళ రాజ్‌దూత్, మద్రాసు బుల్లెట్, 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్ 100 - వీటిలో దేనికీ కంప్యూటరు లేదు. లోపల పెట్రోలు ఎక్కువైందో, గాలి ఎక్కువైందో చెప్పే సెన్సారూ లేదు. సిలిండరు లోపలి మంటలో కూర్చుని, ఒక్క పానాతో బయటికొచ్చి, అక్కడ జరిగింది చూపించేది ప్లగ్ ఒక్కటే.

ప్లగ్ మధ్యలో తెల్లటి పింగాణీ ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటు పక్కదారి పట్టకుండా, కొసన ఉన్న సందులోనే దూకేలా చూడటం దాని పని. కార్బన్ మసిలో కరెంటు పారుతుంది. మసి పట్టిన పింగాణీ మీదుగా కరెంటు జారిపోతే సందులో రవ్వ పుట్టదు. బండి మిస్సింగ్ కొడుతుంది, ఆపైన ఆగిపోతుంది.

ప్లగ్ కొస సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే పట్టిన మసి తనంతట తానే కాలిపోతుంది. 850 దగ్గరికి చేరితే రవ్వ రాకముందే పెట్రోలు అంటుకునే ప్రమాదం ఉంది. మంచి ప్లగ్ ఈ రెండు హద్దుల మధ్య బతకాలి. ఇంటి నుంచి కిరాణా కొట్టుకీ, అక్కడి నుంచి బడికీ మాత్రమే తిరిగే బండిలో కొస ఆ కింది హద్దునైనా అందుకోదు. చిన్న చిన్న ప్రయాణాల బండికి మాటిమాటికీ ప్లగ్ పోవడానికి ఇదొక కారణం.

నలుపులో మూడు రకాలున్నాయి. వేలికి పొడిగా అంటుకునే మెత్తటి మసి పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అని చెబుతుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, చోక్ పూర్తిగా వెనక్కి రాకపోయి ఉండొచ్చు. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే, పెట్రోలు చేరింది గానీ మండలేదు. కిక్కులు ఎక్కువై ముంచేశామా, ఫ్లోటు సూది కారుతోందా, అసలు కరెంటే రావడం లేదా అని వెతకాలి. ఇక జిడ్డుగా, నిగనిగలాడే నలుపు ఆయిల్ మాట. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో అది పిస్టన్ రింగులో వాల్వు గైడులో అరిగాయని చెప్పే సాక్ష్యం. ఇక్కడ కొత్త ప్లగ్ వేస్తే నాలుగు రోజులు నడుస్తుంది, ఐదో రోజు అదే జిడ్డు.

టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతోనే మండుతుంది కాబట్టి కొంత జిడ్డు సహజం. పాళ్ళు కలిపేటప్పుడు "ఇంకో మూత పోద్దాం, ఇంజనుకు మంచిది" అనుకునేవాళ్ళు చాలామంది. 25కి 1 పాలు అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్, అంతే. పాళ్ళు సరిగా ఉన్నా ప్లగ్ జిడ్డోడుతూ, తెల్లపొగ ఆగకపోతే గేరు ఆయిల్ మట్టం చూడాలి. అది తగ్గుతుంటే క్లచ్ వైపు క్రాంక్ సీలు పోయి, గేరు ఆయిల్ ఇంజన్లోకి వెళ్ళి మండుతోందని అర్థం. మాగ్నెట్ వైపు సీలు పోతే కథ తిరగబడుతుంది. అటు నుంచి బయటి గాలి దూరుతుంది, ప్లగ్ తెల్లబారుతుంది.

నలుపు బండిని ఆపేస్తుంది, తెలుపు ఇంజన్నే తినేస్తుంది. పింగాణీ సున్నంలా తెల్లబడి పొక్కులు లేస్తే ఇంజన్ మితిమీరి వేడెక్కుతోందన్నమాట. పెట్రోలు చాలకపోవడం, గాలి లీకు, టైమింగు ముందుకు జరగడం, తప్పు ప్లగ్ వేయడం, వీటిలో ఏదైనా కావచ్చు. పింగాణీ మీద మెరిసే చిన్న చిన్న అల్యూమినియం చుక్కలు కనిపిస్తే ఆ బండిని మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. అవి పిస్టన్ కరిగి చిందినవి. తప్పు ప్లగ్ పొరపాటు కొట్టు దగ్గరే జరుగుతుంది. ఎన్‌జీకే ప్లగ్‌లో సంఖ్య పెరిగేకొద్దీ వేడిని త్వరగా వదిలే చల్లని ప్లగ్ వస్తుంది. చాంపియన్‌లో సంఖ్య పెరిగితే వేడి ప్లగ్. కంపెనీ మారినప్పుడు అంకె చూసి కొనకూడదు, పట్టిక చూసి కొనాలి.

చదవడానికి కూడా పద్ధతుంది. సందుల్లో, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ షెడ్డుకు చేరిన బండి ప్లగ్ ఆ చివరి పది నిమిషాల సంగతే చెబుతుంది. అసలు సంగతి కావాలంటే కొత్త ప్లగ్ బిగించి, ఖాళీ రోడ్డు మీద ఒకే థ్రాటిల్‌లో కొన్ని కిలోమీటర్లు నడిపి, క్లచ్ పట్టి అదే క్షణంలో ఇంజన్ ఆపేసి, చల్లారాక విప్పాలి. థ్రాటిల్ కొంచెమే తిప్పినప్పటి రంగు పైలట్ జెట్టుది, ఎయిర్ స్క్రూది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. ఆపైన మెయిన్ జెట్టుది. మెయిన్ జెట్టు సంగతి పింగాణీ కొసన ఉండదు, లోపల అడుగున సన్నటి వలయంలా ఉంటుంది. దానికి భూతద్దం కావాలి.

రెండు సిలిండర్ల రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్ళకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. ఎడమ ప్లగ్ కుడికి, కుడిది ఎడమకు మార్చాలి. జబ్బు ప్లగ్ వెంట వెళితే ప్లగ్‌దే దోషం. ఉన్నచోటే ఉంటే ఆ సిలిండరుదో, దాని కార్బురేటరుదో, కాయిల్‌దో. ప్లగ్‌ను హెడ్డుకు ఆనించి కిక్కు కొట్టి "కరెంటు వస్తోంది, ప్లగ్ బాగుంది" అనడం మాత్రం సగం పరీక్షే. బయటి గాలిలో దూకిన రవ్వ సిలిండరులో నొక్కుకుపోయిన గాలిలోనూ దూకుతుందని నమ్మకం లేదు.

చదవడం అయ్యాక శుభ్రం చేయాలి. ఇనుప బ్రష్షుతో పింగాణీని రుద్దితే లోహపు గీతలు పడి కరెంటుకు కొత్త దారులవుతాయి. పెట్రోలు, మెత్తటి బ్రష్షు, గాలి చాలు. వేడి ఇంజన్ దగ్గర పెట్రోలు వద్దు. సందును ఫీలర్ గేజితో కొలిచి, అల్యూమినియం హెడ్డు మరలు పాడవకుండా ముందు చేత్తోనే తిప్పి, చివరికి పానా వాడాలి.

రంగుల లెక్క కాలంతో మారింది. పాత మెకానిక్కులు ఇటుక రంగునో, చిక్కటి చాయ్ రంగునో మంచి రంగు అనేవారు. అది సీసం కలిసిన పెట్రోలు నాటి మాట. 2000లో దేశమంతటా సీసం పోయాక రంగు పలచబడింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి, పాత జెట్టుతోనే నడిచే కార్బురేటరుకు మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గినట్టే. ఒకప్పుడు చాయ్ రంగున్న ప్లగ్ ఈరోజు ఇంకా తెల్లబారుతుంటే నీడిల్ ఒక గాడి ఎత్తాలేమో చూడాలి. రంగుల జాబితా కంఠతా పట్టినవాడు ఇక్కడ తడబడతాడు. రంగు వెనకున్న కారణం తెలిసినవాడు నిలబడతాడు.

ఈ విద్య విలువ అక్కడే ఉంది. కొత్త ప్లగ్ వేయడం తెలిసినవాడు బండిని ఈ పూటకు నడిపిస్తాడు. పాత ప్లగ్ చదివినవాడు అరిగిన రింగునూ, కారే సీలునూ, కరగబోయే పిస్టన్‌నూ ముందే పట్టుకుంటాడు. యజమానికి వేల రూపాయల బోరు పని తప్పిస్తాడు. పాత బళ్ళు ఇన్నేళ్ళు నడిచింది ఇలాంటి చూపున్నవాళ్ళ చేతుల్లోనే. ఆ చూపు షెడ్డులో పెద్ద మెకానిక్ నుంచి కుర్రాడికి అందింది, పుస్తకాల్లోంచి కాదు.

మీ ఇంట్లో నాన్నగారి యెజ్డీయో, బాబాయి ఆర్ఎక్స్ 100యో ఉంటే ఈసారి ప్లగ్ విప్పినప్పుడు పక్కనే నిలబడండి. గుడ్డ తగలకముందే దాన్ని వెలుగులోకి తిప్పి చూపించమని అడగండి. పక్కన పిల్లలుంటే వాళ్ళ చేతిలో కూడా పెట్టండి.