పాకం తప్పిన పాట

పాట పాడటం ఒక ఎత్తు, పాటలోంచి పాటలోకి వెళ్ళటం మరో ఎత్తు. మన రాగమాలికలో ఏ రాగం తరవాత ఏది వస్తుందో ముందే ఖాయం. అమెరికాలో 1965లో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ బృందానికి ఆ సుఖం లేదు. ఏ పాట తరవాత ఏ పాటో చాలామటుకు వేదిక మీదే తేలేది. మొదటిది వాయిస్తూ వాయిస్తూ, చప్పట్లకి సందివ్వకుండా, రెండోదాంట్లోకి జారుకోవాలి.

1977 మే 8న కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో వాళ్ళు చేసిన కచేరీ వినండి. 'స్కార్లెట్ బిగోనియాస్' ఎక్కడ అయిపోయిందో, 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పమంటే నావల్ల కాదు. అంత నున్నటి అతుకు!

అన్నీ ఇలాగే కుదిరాయా అంటే, లేదు. అభిమానుల్ని టేపు చేసుకోనిచ్చిన బృందం కనక తప్పినవీ భద్రంగా ఉన్నాయి. ఒకాయన కొత్త పాటలోకి వెళ్ళిపోతాడు, తక్కినవాళ్ళు పాతదాంట్లోనే ఉంటారు. కాసేపు రెండు పాటలూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి.

జెర్రీ గార్సియా పాటలో మాటలు మరిచిపోతే నాకు కోపం రాదు. అది ఒక్క మనిషి జ్ఞాపకశక్తికి సంబంధించింది. అతుకు తప్పటం అలా కాదే! అరిసెలు వండే ఇంట్లో చూడండి. పాకం పట్టేవారి చెయ్యి ఆగిందంటే పిండి పోసేవారు అందుకోవాలి. 'ఇప్పుడు పొయ్యి' అని అరిచి చెప్పేలోపల పాకం కాస్తా ముదిరిపోతుంది. చెవీ కన్నూ అవతలివారి మీద ఉండాలి మరి.

ముందుగా అనుకోకుండా వాయించేవారికి ఇలాంటివి మామూలేనంటారు అభిమానులు. ఒప్పుకుంటాను. ఎన్నడూ తప్పలేదంటే బట్టీ పట్టారనే అర్థం. కానీ తప్పుల్లోనూ తేడా ఉంది సుమండీ! ముందు వెళ్ళినాయన వెనక్కి తిరిగి, మిగతావాళ్ళు వచ్చేదాకా ఆ నాలుగు స్వరాలే తిప్పి తిప్పి వాయిస్తే, అది తప్పయినా సంగీతమే. ఎవరొచ్చినా రాకపోయినా తన గిటారుతో తాను సాగిపోతే, అది ఒట్టి పెత్తనం.

అందుకని, తప్పాక ఎవరు ఎవరికోసం ఆగారో వినండి. ఆగినచోట నేను మార్కులు తగ్గించను. ఆగనిచోట మాత్రం, హాలంతా లేచి చప్పట్లు కొట్టినా సరే, నా చేతులు కలవవు.