పాఠంలో కనిపించని తల్లి

మద్యవ్యతిరేక రచన చదివేటప్పుడు అందులో ఎవరున్నారో చూసినట్టే, ఎవరు లేరో కూడా చూడాలి. ఆ దృష్టితో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ పాఠాన్ని పరిశీలిద్దాం. 1990లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం కొత్తగా చదువు నేర్చినవారికి ఇచ్చిన పాఠమిది. దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించడం ఇందులోని వస్తువు. దీన్ని చదివిన ఊళ్ళు 1992లో కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక వాచక పాఠం ఇంత పని చేయడం అరుదు.

అయితే ఈ కథలో తాగేది మగవాడు, నలిగేది ఆడమనిషి. ఈ చట్రం నెల్లూరుకు సరిపోయింది. నిజామాబాద్ జిల్లా మోర్తాడ్‌కు పొసగదు. ఇక్కడ కల్లు మగవాళ్ళ సొత్తు కాదు. పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టిన స్త్రీ నడుంనొప్పికనో నిద్రకనో సీసా కల్లు తాగడం వింతేమీ కాదు. చెట్టు కల్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్తీ సరుకు అమ్మారు. 2015 సెప్టెంబరులో దాడులతో అది ఒక్కసారిగా ఆగిపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం ఫిట్స్‌తో, మతి తప్పిన మాటలతో వచ్చారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. దూబగుంట కథ దుకాణం మూయడంతో ముగుస్తుంది. ఇక్కడ అసలు కథ ఆ మర్నాడు మొదలైంది.

ఆ స్త్రీ గర్భిణో బాలింతో అయితే? ‘రేపటి నుంచి మానెయ్యి’ అనే సలహా ప్రమాదకరం. అల్ప్రాజోలం వంటి మందులను డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. పుట్టిన బిడ్డ మత్తుగా ఉండవచ్చు, పాలు సరిగా తాగకపోవచ్చు, ఊరుకోకుండా ఏడవవచ్చు. పాలిచ్చే విషయం కూడా డాక్టరుతో తేల్చుకోవాల్సిందే. రాత్రిపూట బిడ్డను ఎత్తుకునే రెండో మనిషి కావాలి. భర్త గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో ఆ మనిషి అత్తో తల్లో అవుతుంది, ఆమెకూ కల్లు అలవాటుండవచ్చు! 2017లో వచ్చిన కేసీఆర్ కిట్ ప్రసవానికి 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 ఇచ్చింది. మత్తు మాన్పించడం దాని పని కాదు. ఆరోగ్యలక్ష్మి భోజనానికి రోజూ అంగన్‌వాడీకి వచ్చే బాలింతను తిట్టకుండా, కల్లు సంగతి చాటుగా అడగడం మాత్రం సాధ్యమే. అడగాలంటే తాగే తల్లి కూడా ఉంటుందని ముందు ఒప్పుకోవాలి. మన మద్యవ్యతిరేక పాఠాలు ఆ ఒప్పుకోలును ఇవ్వలేదు. చెడిపోయిన ఆడదిగా తప్ప ఆమెను చూపడం మనకు చేతకాలేదు.

అభ్యాసం: మీ మండలంలో వాడే తల్లీబిడ్డల సంరక్షణ కరపత్రం ఒకటి తీసుకోండి. అందులో మత్తు ప్రస్తావన ఉంటే, అది ఎవరిని ఉద్దేశించిందో పది పంక్తుల్లో విమర్శించండి.