పొదుపు పుస్తకంలో లేని గళ్లు

మా పెద్దమ్మ వాళ్లది కడప జిల్లాలో ఒక మెట్ట ఊరు. వాన పడితేనే శనక్కాయ. ఆమె సంఘం పుస్తకాన్ని నేను మొదటిసారి సాహిత్య విద్యార్థినిగానే చదివాను. పేరు, పొదుపు, అప్పు, వడ్డీ, హాజరు - ఐదు గళ్లు. నీళ్లకు నడిచిన దూరానికీ, మంచాన పడ్డ అత్తకు చేసిన చాకిరీకీ గడి లేదు. రచన చెప్పనిదాన్ని కూడా చదవాలని స్త్రీవాద విమర్శ మనకు నేర్పింది. అభివృద్ధి అర్థశాస్త్రాన్ని మాత్రం అలా ఎందుకు చదవకూడదు?

ఆ శాస్త్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిందంటాయి పాఠ్యపుస్తకాలు. సీమ నుంచి చూస్తే కథ ఇంకా వెనక మొదలవుతుంది. 1860లలో కర్నూలు-కడప కాలువ తవ్విన ఇంగ్లీషు కంపెనీ పెట్టుబడికి ప్రభుత్వం 5 శాతం రాబడి హామీ ఇచ్చింది. 1876-78 కరువులో మాత్రం రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలీని రోజుకు ఒక పౌను ధాన్యం, కాసిని చిల్లర డబ్బులకు కుదించాడు. ఆడవాళ్లకు అంతకన్నా తక్కువ. పెట్టుబడికి హామీ, ఆకలికి పొదుపు! గింజలు ఉన్నా వాటిని పొందే దారి లేక మనుషులు చచ్చిపోతారని అమర్త్య సేన్ 1981లో సిద్ధాంతీకరించాడు.

స్త్రీల సేద్యపు శ్రమను అభివృద్ధి ప్రణాళికలు పట్టించుకోలేదని ఎస్తర్ బోసెరప్ 1970లోనే రాసింది. అయితే ఆ విమర్శ ప్రభుత్వ విధానంగా మారేసరికి దాని గొంతు మారింది. 1982లో డ్వాక్రా. 1995 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కర్నూలు జిల్లాలో సంఘాలు. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో 'వెలుగు'. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడి రాజ్యాన్ని నిలదీశారు. ఆ వెనకే వచ్చిన పథకం పేరు 'పొదుపు లక్ష్మి'. నిలదీసిన మనిషి పొదుపు చేసే దేవత అయింది. పేదరికం పోగొట్టే బాధ్యత రాజ్యం నుంచి ఆమె కొంగుముడిలోకి వచ్చింది.

నా పరిశోధన వ్యాసాన్ని ఇక్కడే ముగించి, తృప్తిపడ్డాను. తర్వాత ఒకసారి ఊరికి పోయినప్పుడు పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె విని నవ్వింది.

"మిగిల్తే గదమ్మీ దాసిపెట్టేది! అయినా నేను బ్యాంకుకు పోతే కుర్చీ యేసి కూసోమన్యారు. మీ పెదనాయనకు ఎప్పుడన్నా యేసినారా?" కాసేపాగి, "కుర్చీ యేసినోళ్లు వాన పడని యేడు కంతు ఆపినారా అంటే, అదీ లేదు" అంది.

వారం వారం వసూళ్ల సూక్ష్మరుణ కంపెనీలను అదుపు చేయడానికి 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చిందంటే, ఆమె రెండో మాట ఎంత నిజమో తెలుస్తుంది. మొదటి మాటే నన్ను ఇంకా వదలడం లేదు. ఆ కుర్చీ ఆమెకు దక్కిన గౌరవం. సంఘంలోని తక్కిన ఆడవాళ్లతో కలిసి ఆమె సంపాదించుకున్నది. దాన్ని భ్రమ అని కొట్టిపారేసే హక్కు నాకు లేదు. అదే అభివృద్ధి అని లెక్క రాసుకునే హక్కు బ్యాంకుకూ లేదు.

సంఘం పుస్తకంలో ఆమె చాకిరీకి గడి లేదని వెతికి పట్టుకున్నాను. నా వ్యాసంలో ఆమె కుర్చీకి గడి లేదని ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు.