ఎటపాక జటాయువు, భద్రాచలం కలివికోడి: ప్రతీకల చాటున అదృశ్యమైన పక్షులు

భద్రాచలం రామాలయానికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో ఎటపాక ఉంది. సీతను అపహరించి తీసుకుపోతున్న రావణుణ్ణి జటాయువు అడ్డగించింది ఇక్కడేనని స్థలపురాణం. జటాయుపాక అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. తెగిన రెక్క ఒకటి వి.ఆర్.పురం మండలంలోని రెక్కపల్లిలో పడిందన్న ఐతిహ్యమూ ప్రచారంలో ఉంది. 2014 రాష్ట్ర విభజన తరువాత ఈ రెండు ఊళ్ళూ ఆంధ్రప్రదేశ్‌లో చేరగా, ఆలయం తెలంగాణలో మిగిలింది. పక్షి నేలకొరిగిన చోటు ఒక రాష్ట్రంలోనూ, ఆ పక్షికి దహనసంస్కారం చేసిన రాముని కోవెల మరొక రాష్ట్రంలోనూ ఉన్నాయి. హద్దుల గురించి చర్చ చాలానే జరిగింది. ఆ కథలోని పక్షి ఏ జాతిది, ఆ జాతి నేడు ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్న మాత్రం తెలుగు సాహిత్య విమర్శకు పట్టలేదు.

వాల్మీకి జటాయువును గృధ్రరాజు అన్నాడు. గృధ్రం అంటే రాబందు. క్యాలెండరు బొమ్మల్లో కనిపించే నిండు ఈకల మెడ గల గరుడపక్షి కాదు. తెలుగులో ‘గ్రద్ద’ అన్న మాట డేగ జాతికీ, బాపనగద్దకూ, రాబందుకూ ఉమ్మడిగా చెల్లుబాటు కావడం ఈ గందరగోళానికి ఒక కారణం. మూలకవికి ఆ గందరగోళం లేదు. కిష్కింధకాండలో సంపాతి పక్షులు ఎగిరే దారులను అంతస్తులుగా వివరిస్తాడు. అందులో శ్యేనానిది నాలుగవ దారి, గృధ్రానిది ఐదవది. అంతెత్తున తిరుగుతూ నేలమీది ఆహారాన్ని పసిగట్టే రాబందు చూపే సంపాతి లంకలోని సీతను కనుగొనడానికి ఆధారం. దీన్ని అతిశయోక్తి అని పక్కన పెట్టే వ్యాఖ్యానం ఆ వెనుక ఉన్న పరిశీలనను గుర్తించలేకపోయిందనే చెప్పాలి.

అరణ్యకాండలోని మరొక ఘట్టం ఇంతకన్నా కీలకమైనది. నెత్తురోడుతూ పడి ఉన్న జటాయువును చూడగానే రామునికి కలిగినది కృతజ్ఞత కాదు, అనుమానం. సీతను తిన్నది ఈ రాబందు రూపంలోని రాక్షసుడేనని నిశ్చయించుకొని బాణం సంధిస్తాడు. జటాయువు మాట్లాడిన తరువాతనే ఆ చూపు మారుతుంది. విల్లు వదిలి పక్షిని కౌగిలించుకుంటాడు, తండ్రికి చేసినట్టు అంత్యక్రియలు చేస్తాడు. శవాహారి పట్ల మనిషికి సహజంగా కలిగే జుగుప్సను కవి దాచలేదు. దాన్ని కథానాయకునికే ఆపాదించి, అతని చేతనే దిద్దుబాటు చేయించాడు.

ఆధునిక తెలుగు రచన, ఉపన్యాసం ఈ దిద్దుబాటుకు ముందరి చూపు దగ్గరే ఆగిపోయాయి. అభ్యుదయ, విప్లవ సాహిత్యాల్లో భూస్వామి రాబందు, వడ్డీ వ్యాపారి రాబందు. రాజకీయ వేదికలపై ‘బంధువు–రాబందు’ ప్రాస నేటికీ అరగలేదు. పీడకుని పట్ల ఆ సాహిత్యం చూపిన ఆగ్రహం న్యాయమైనదే. కానీ ఉపమానం తప్పింది. రాబందు బతికినదాన్ని పీక్కుతినే పక్షి కాదు, చచ్చినదాన్ని శుభ్రం చేసే పక్షి. పీడితుల పక్షాన నిలిచిన సాహిత్యం, ఊరి కళేబరాల భారాన్ని ఏ కూలీ లేకుండా మోసిన జీవిని దోపిడీదారు పక్కన నిలబెట్టింది.

ఇదే కాలంలో అసలు పక్షి కనుమరుగైంది. 1992–2007 మధ్య భారతదేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి సుమారు 97 శాతం తగ్గాయి. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు చనిపోయిన పశువు దేహంలో మిగిలి, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 2004లో తేలింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కుళ్ళిన కళేబరాలు, పెరిగిన కుక్కలు, కలుషితమైన నీరు మనుషుల ప్రాణాల మీదికీ వచ్చాయి. 2000–2005 మధ్య ఈ కారణంగా అదనంగా సుమారు ఐదు లక్షల మంది మరణించి ఉంటారని ఫ్రాంక్, సుదర్శన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2024లో అంచనా వేశారు. తెలంగాణలో పొడుగుముక్కు రాబందుల గూళ్ళు 2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద, ప్రాణహిత పరీవాహకంలో, వెలుగులోకి వచ్చాయి. ఆ ప్రాణహిత గోదావరిలో కలిసి భద్రాచలం మీదుగానే పారుతుంది.

‘పర్యావరణ స్పృహ’ శీర్షికతో వచ్చే సిద్ధాంత వ్యాసాలు కవిత్వంలో పక్షుల ప్రస్తావనలను ఏరి పట్టికలు వేస్తున్నాయి. ఆ పట్టికల్లో రాబందు ‘దోపిడీకి ప్రతీక’గా నమోదై ముగుస్తుంది. ప్రతీక పెరిగిన దశాబ్దాల్లోనే పక్షి తగ్గిందన్న సంగతి ఆ పద్ధతికి అందదు. ఇది పరిశోధకుల శ్రద్ధాలోపం అనడం కన్నా, పదాన్ని వస్తువు నుంచి విడదీసి చదవడం నేర్పిన విమర్శ లోపం అనడం సబబు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఈ గోదావరి తీరంలోనే దొరుకుతుంది. 1848లో బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించిన, జెర్డాన్ పేరుతో ప్రసిద్ధమైన కలివికోడి పందొమ్మిదవ శతాబ్దంలో నెల్లూరు, కడప, అనంతపురం ప్రాంతాలతో పాటు సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లోనూ నమోదైంది. 1900 తరువాత కనిపించక, అంతరించిందనే భావించారు. ఈ చిన్న పక్షికి జటాయువు వంటి పురాణం లేదు, రాబందు వంటి నింద కూడా లేదు. ఉన్నది పల్లె జనం నోట నిలిచిన పేరు ఒక్కటే. అందులో అది తిరుగాడే కలివి పొద కూడా ఉంది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందానికి ఈ పక్షి మళ్ళీ దొరకడంలో ఆ పేరు తెలిసిన స్థానిక వేటగాళ్ళ జ్ఞానమే దారి చూపింది. రాత్రిపూట టార్చి వెలుగులో పట్టుకున్న పక్షి బతకలేదు. కానీ దాని ఉనికి రుజువై, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి మార్చవలసి వచ్చింది కూడా ఈ పక్షి కోసమే.

కడపలో బతికిన పేరు భద్రాచలం వైపు బతికిందా అన్నది ఇంకా అడగవలసిన ప్రశ్న. కోయ, కొండరెడ్డి పెద్దల వాడుకలో రాత్రి తిరిగే పొదల పక్షికి, బోడిమెడ రాబందుకు, డేగకు వేరువేరు పేర్లు ఉన్నాయా, వాటిని చివరిసారి ఎవరు ఎక్కడ చూశారు అన్న వివరాలను ఎటపాక ఐతిహ్యంతో కలిపి సేకరించాలి. వి.ఆర్.పురం, కూనవరం మండలాలు పోలవరం ముంపు పరిధిలో ఉన్నాయి. ఊళ్ళు కదలక ముందే ఆ పని మొదలు కావాలి.