శిలయందలి పాఠాంతరములు

కడప పట్టణమున బ్రౌను దొర బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర వెలసిన గ్రంథాలయమొకటి కలదు. శిలలను చూచుటకై ఆ సీమకు పోయిన ప్రతిసారియు ఒక్క సాయంకాలమైనను ఆ ఆవరణమున కూర్చుండక నేను తిరిగిరాను. పండితులను కొలువుంచుకొని, ఊరూర తాళపత్రములను సేకరింపించి, ఒక్కొక్క గ్రంథమునకు లభించినన్ని ప్రతులను ఎదురెదురనుంచి, ఏది కవి వ్రాసినది, ఏది లేఖకుని చేతప్పు, ఏది తరువాతివాడెవడో చొప్పించిన ప్రక్షిప్తము అని తేల్చుటకు ఆయన పడిన శ్రమ సాహిత్యాభిమానులకు తెలిసినదే. నా వృత్తి సాహిత్యము కాదు. పురాతన సముద్రముల అడుగున పేరుకొని రాయియైన సున్నపు పొరలనుండి కార్బను ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి, ఆ సముద్రములు ఏ స్థితిలో నుండెనో ఊహించుట నా పని. అయినను ముప్పది యేండ్లుగా చేయుచున్న ఈ పనికి, ఆ పాఠపరిష్కర్తల పనికంటె దగ్గరి చుట్టము నాకెక్కడను కనుపింపలేదు.

విషయము తెలియనివారికొరకు రెండు మాటలు చెప్పవలెను. కార్బను పరమాణువులలో చెడిపోక నిలుచునవి రెండు జాతులు: వేయింటిలో సుమారు 989 పండ్రెండు భారము కలవి, తక్కిన 11 పదమూడు భారము కలవి. గుణమునకు కవలలే. కాని చెట్టు ఆకుగాని, సముద్రముమీద తేలు కంటికానని పాచిగాని ఎండవెలుగుతో ఆహారము వండుకొనునప్పుడు తేలికదానినే ఎక్కువగా ఏరుకొనును. అందుచే జీవపదార్థమునందు బరువు కార్బను పాలు సముద్రపు సున్నముకంటె వేయింటికి ఇరువదియైదు మేర తగ్గియుండును. ఆ జీవపదార్థము కుళ్లి మరల నీటిలో కలిసెనా, అప్పు తీరినట్లే. కుళ్లక బురదలో సమాధియయ్యెనా, తేలిక కార్బను దానితో అడుగునకు పోయి, నీటియందు మిగిలినది బరువెక్కును. ఆ నీటినుండి దిగిన సున్నము ఆ బరువును తనలో నిలుపుకొని రాయియై, కోట్ల యేండ్ల పిదప మన సుత్తిదెబ్బకు బయటపడును. ఈ ఎక్కువతక్కువలను లెక్కించుటకు దక్షిణ కరోలినాలోని పీడీ శిలాశ్రేణియందు దొరకిన బెలెమ్నైటు శిలాజమొకదానిని చికాగోలో హెరాల్డు యూరీ శిష్యబృందము ప్రమాణముగా గ్రహించినది. ఆ శిలాజము ఏనాడో అరిగిపోయినది; అయినను దాని పేరనే నేటికిని సంఖ్యలు చెప్పుకొనుచున్నాము. నేటి సముద్రపు సున్నము ఈ కొలతలో ఇంచుమించు సున్న. భూగర్భమునుండి అగ్నిపర్వతములు వెలిగ్రక్కు కార్బను సున్నకు వేయింటికి ఐదు తక్కువ. లోనికి వచ్చినది ఐదు తక్కువ, సున్నముగా దిగునది సున్న, జీవపదార్థముగా దిగునది ఇరువదియైదు తక్కువ అనినచో, వచ్చిన కార్బనులో ఐదింట ఒక పాలు జీవపదార్థముగా భూస్థాపితమగుచున్నదని బాలురు సైతము లెక్కకట్టగలరు. ఒక శాస్త్రమంతయు ఇంత చిన్న గణితముమీద నిలిచియున్నదని తలచుకొనినపుడెల్ల నాకు ఒకింత పులకరింతయు, ఒకింత భయమును కలుగును.

భయమునకు కారణము నా అనుభవమే. ఈ పనిలో తొలి యేండ్లయందు కర్నూలు మండలపు సున్నపురాతి గనులలో, పలకలు పలకలుగా విరిచి ఇండ్లకు పరచు ఆ నల్లని బండల నడుమ, నేను ఒక గోడను అడుగడుగునకు గీతపెట్టి రాళ్లు తీసితిని. దంతవైద్యులు వాడునట్టి సన్నని డ్రిల్లుతో ఒక్కొక్క రాతినుండి చిటికెడు పొడి రాల్చి, ఫాస్ఫారిక్ ఆమ్లములో వేసి, వెలువడిన బొగ్గుపులుసు వాయువును మాస్ స్పెక్ట్రోమీటరునకు అందించితిమి. 1950లో మెక్రీ వివరించిన ఆ పద్ధతి నేటికిని నడుచుచున్నది. పైపొరలకును క్రిందిపొరలకును నడుమ ఒక్క చోట సంఖ్య అకస్మాత్తుగా క్రుంగినది. ఆ రాత్రి నిదురపట్టలేదు. సముద్రము తలక్రిందులైన ఘడియ నా పొట్లములో దొరకినదని నమ్మితిని; వ్యాసమునకు పేరు సైతము పెట్టుకొంటిని. నెలదినముల పిదప మరల గనికి పోయి ఆ చోటును నిదానముగా చూచితిని. పొరకు జానెడు ఎడమగా, పైనుండి దిగివచ్చిన ఎర్రమట్టి నిండిన చీలికయొకటి కలదు. నా డ్రిల్లు తాకినది ఆ చీలిక ప్రక్క తరువాత పేరుకొన్న తెల్లని కాల్సైటును. మొదటిసారి పోయినపుడును ఆ చీలిక అక్కడనే యున్నది. చూడవలసిన కన్ను పొరను మాత్రమే చూచి, ప్రక్కను చూడలేదు. కవి పద్యమని నేను మురిసినది ప్రక్షిప్తము.

ప్రక్షిప్తకర్త ఎవరో చూడగోరువారు కొలిమిగుండ్ల చేరువనున్న బెలుం గుహలకు పోవచ్చును. వానచినుకు మట్టిలో ఇంకునపుడు, వేళ్లును సూక్ష్మజీవులును విడిచిన బొగ్గుపులుసు వాయువును తనలో కలుపుకొనును. ఆ వాయువు జీవజన్యము గనుక తేలిక కార్బనుతో నిండియుండును. పులిసిన ఆ నీరు సున్నపురాతిని కరగించి, కొంత దూరము మోసికొనిపోయి, మరల కాల్సైటుగా దించును. గుహ పైకప్పునుండి వ్రేలాడు ఆ స్తంభములు చినుకు చినుకునకు వ్రాయబడిన క్రొత్త పాఠములు. గుహలో ఇది కంటికి కనుపించును. శిల లోపలి రంధ్రములలో జరిగినప్పుడు కనుపింపదు, సంఖ్య మాత్రము మారును. కనుకనే పలుచగా అరగదీసిన రాతిపలకను ఎలక్ట్రానుల ధారక్రింద నుంచి చూచెదము: పిదప చొరబడిన నీరు తెచ్చిన మాంగనీసు ఉన్న తావులు నారింజవన్నెతో మెరయును. ఇనుము అధికమైనచో ఆ మెరుపును అణచివేయును గనుక, మెరయనిదెల్ల నిర్దోషమని తలచుటయు పొరపాటే.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు; దీనిని నా శిష్యులకు మాటిమాటికి చెప్పుదును. నీటియణువులో ఆక్సిజను దండిగా నున్నది, నీటిలో కరగిన కార్బను కొంచెము. కాబట్టి శిలలోనికి చొచ్చిన నీరు మొదట ఆక్సిజను ఐసోటోపుల వ్రాతను తుడిచివేయును. కార్బను వ్రాతను చెరుపుటకు ఎంతో నీరు ప్రవహింపవలెను. ఆక్సిజను చెడినది గనుక కార్బనును చెడినదే అనుట న్యాయము కాదు. అయితే రెండును కూడబలుకుకొన్నట్లు కలిసి క్రుంగుచుండినచో, సందేహింపక తప్పదు. సాక్షి ఒక విషయమున తడబడినంతమాత్రమున సాక్ష్యమంతయు కొట్టివేయని న్యాయాధిపతి ఓర్పు ఈ పనికి కావలెను.

ఆ ఓర్పును మిక్కిలి పరీక్షించిన చోటు ఒమాను దేశము. అచ్చటి షురాం శిలాశ్రేణిలో, 1993లో బర్న్సు, మాటరు అను వారు ప్రకటించిన కొలతలయందు, సున్నపురాతి కార్బను వేయింటికి పండ్రెండు మేర తక్కువకు దిగి, వందల మీటర్ల పొరలమీదుగా మెల్లమెల్లగా పైకి వచ్చుచున్నది. భూచరిత్రయందు ఇంతకంటె లోతైన పతనము తెలియవచ్చుట లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలోని వొనోకా పొరలలోను, దక్షిణ చైనాలోని దౌషాంతువొ పొరలలోను, కాలిఫోర్నియా మృత్యులోయలోని జానీ పొరలలోను ఇదే పోలిక కనుపట్టినది. ఒమానునందును వాయవ్య కెనడాయందును రీనియము, ఆస్మియములతో కట్టిన కాలగణనము 2020లో వెలువడి, ఈ పతనము 57 కోట్ల 40 లక్షల యేండ్లనాడు మొదలై సుమారు డెబ్బది లక్షల యేండ్లలో ముగిసినదని చెప్పినది. కంటికానగల దేహములు కల జీవుల అచ్చులు శిలలపై పొడసూపు కాలమునకు ఇది మిక్కిలి సమీపము. జంతుజాతి పుట్టుపూర్వోత్తరములను తెలియగోరు ప్రతి వాడును ఈ పండ్రెండు అను సంఖ్యయెదుట ఆగి నిలువవలసినదే.

ఏల ఆగవలెననగా, పైన చెప్పిన చిన్న గణితము ఇక్కడ విరిగిపోవుచున్నది. జీవపదార్థము అణుమాత్రమైనను భూస్థాపితము కాకున్నను, సముద్రపు సున్నము వచ్చిన కార్బనుతో సమానమై వేయింటికి ఐదు తక్కువయొద్ద నిలువవలెను. అంతకంటె దిగుటకు దారి లేదు. కావున పండ్రెండు నిజమైనచో, తేలిక కార్బను మరియొక కోశమునుండి లక్షల యేండ్లు ధారాళముగా వచ్చియుండవలెను. రోత్మను, హేసు, సమన్సు అనువారు 2003లో నాటి సముద్రమున కరగియుండిన సేంద్రియ కార్బను నిలువ అపారమనియు, అది క్రమముగా దగ్ధమైనదనియు ఊహించిరి. అంతటి నిలువను దహించుటకు నాటి ఆక్సిజనును సల్ఫేటును చాలవని 2008లో బ్రిస్టో, కెనెడీ ఆక్షేపించిరి. నౌతు, కెనెడీ 2009లోను, డెర్రీ 2010లోను, ఇది సముద్రపు వ్రాతయే కాదు, పూడుకొనిన శిలలో తరువాత పారిన నీటి వ్రాత అనిరి. షురాం పొరలలో ఆక్సిజనును కార్బనును కలిసి క్రుంగుట వారి పక్షమున బలమైన సాక్ష్యము.

నేను చాలకాలము ఈ రెండవ పక్షమువాడనై యుంటిని. నా గని అనుభవమే నన్నటు త్రోసియుండవచ్చును; ఒకసారి మోసపోయినవాడు లోకమంతయు మోసమేయనుకొనుట సహజము. నా మనస్సును కదల్చినది వొనోకా గులకరాళ్ల కథ. అక్కడ ఆ కాలముననే ఒక మహాలోయ త్రవ్వబడి, ఒడ్డునున్న పొరలు విరిగి, ముక్కలు ముక్కలుగా ఆ లోయలోనికి జారి, గులకలుగా క్రొత్త పొరలయందు కూరుకొన్నవి. హసన్, మాలూఫ్, షోనే అను మువ్వురు 2012లో ఆ గులకలను ఒక్కొక్కటిగా కొలిచిరి. శిల పూడుకొనిన పిదప పారిన నీరే సంఖ్యలను మార్చియుండినచో, ప్రక్కప్రక్కనున్న గులకలన్నియు ఒకే విధముగా మారియుండవలెను. అట్లు లేదు. ఒకదాని సంఖ్య మిక్కిలి తక్కువ, దాని ప్రక్కదాని సంఖ్య ఎక్కువ; ప్రతి గులకయు తాను పుట్టిన పొర గుర్తును తనతో తెచ్చుకొన్నది. అనగా విరిగి జారుటకు మునుపే ఆ సంఖ్యలు శిలలలో నుండెను. లభింపని కావ్యములోని పద్యము ఏ లక్షణగ్రంథమునందో ఉదాహరణగా చిక్కినపుడు, ఆ గ్రంథము వ్రాయబడునాటికే ఆ పాఠము ఉండెనని మన పరిష్కర్తలు నిర్ణయించుట లేదా? ఆ వ్యాసము చదివిన దినము నేను పుస్తకము మూసి చాలసేపు మౌనముగా కూర్చుంటిని. నా పక్షము పూర్తిగా ఓడలేదు. కాని నేను తలచినంత సులభముగా ఆ సంఖ్యను ప్రక్షిప్తమనుటకు వీలులేదు.

అయితే పాఠము ప్రాచీనమైనంతమాత్రమున అది మహాసముద్రముది కానక్కరలేదు. వేర్వేరు ఖండములలో ఒకే పోలిక కనుపించుట ఎంత బలమో, అంత ప్రమాదము కూడ. ఒకే మాతృకనుండి తీసిన పది ప్రతులు పది సాక్ష్యములు కావు, ఆ మాతృకలోని తప్పు పదింటను సమానముగా పలుకును. ఇటీవలి కాలపు నిక్షేపములయందు, బహామా దీవులు మొదలుకొని మాల్దీవుల వరకు, లోతు తక్కువైన తిన్నెలమీద పుట్టిన బరువైన సున్నము సముద్రమట్టపు హెచ్చుతగ్గులను బట్టి లోతునకు ఎక్కువ తక్కువలుగా జారుటచే, దూరదూరమున నున్న చోట్ల ఒకేమారు ఒకే ఒరవడి ఏర్పడినదని 2008లో స్వార్టు నిరూపించెను. సముద్రములన్నిటి కార్బను కథకును ఆ ఒరవడికిని సంబంధము లేదు. మట్టము అన్నిచోట్ల ఒకేసారి మారినది. అదే అక్కడ మాతృక. షురాం పొరలకును అట్టి మాతృక ఏదేని కలదేమో అను ప్రశ్న నన్ను విడుచుట లేదు. బురద లోపలనే జీవపదార్థము కుళ్లి పుట్టిన తేలిక కార్బనుతో అక్కడికక్కడనే సున్నము దిగియుండునని ష్రాగు, ఆయన సహచరులు 2013లో సూచించిరి. ఆ సున్నము ప్రాచీనమే, కాని పైనున్న సముద్రపు పలుకు కాదు. నా మొగ్గు నేడు ఇటువైపున్నది. రేపు ఎటుండునో ఆ గులకలవంటి సాక్ష్యము మరియొకటి దొరకినపుడు చెప్పెదను.

గత మాసము ఒక యువకుడు, నాయొద్ద కొంతకాలము పనిచేసినవాడు, సంఖ్యల పట్టికయొకటి పంపినాడు. “గురువుగారూ, ఒక్క పొరలో బాగా దిగింది, చూడండి” అని క్రింద వ్రాసినాడు. అక్షరములలో ఆ రాత్రి నిదురలేమి కనుపించినది. అభినందించుటయా, హెచ్చరించుటయా అని కొంత తడవు తటపటాయించి, తుదకు ఒక్క ప్రశ్న మాత్రము వ్రాసితిని: ఆ పొరకు ఎడమప్రక్క ఏమున్నదో చూచితివా? జవాబు ఇంకను రాలేదు. ఎర్రని ఎండలో సుత్తియు కటకమును పట్టుకొని బేతంచర్ల బండి ఎక్కినాడని వాని తోడివారు చెప్పిరి.