కొలత తెలిసిన చదువు

భూగోళం చదివే పిల్లలకు గణాంకాలంటే జంకు. కొండలూ వాగులూ చూద్దామని వచ్చినవాళ్లకు సగటులూ విచలనాలూ ఎందుకంటారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఆ ప్రశ్న నిలవదు. యురేనియం గని వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు చెడ్డాయని చుట్టుపక్కల రైతులంటారు, గని నడిపే సంస్థ కాదంటుంది. ఈ నేలలో యురేనియం సహజంగానే ఉంది గనుక ఒక్క బోరు అంకె ఎవరి మాటనూ నిలబెట్టదు. గని రాకముందు నీళ్లెలా ఉండేవి, చెరువుకు ఎగువన ఎంత, దిగువన ఎంత, నమూనా ఏ కాలంలో తీశారు అని పోల్చి చూడగలవాడి పనితనానికే ఇక్కడ విలువ.

అంకెల్లో మనిషి కష్టం మాయమవుతుందన్న అభ్యంతరం తేలిగ్గా తీసిపారేసేది కాదు. జిల్లా సగటు వానలో ఎండిన మడి కనబడదు, నిజమే. కానీ సగటు చుట్టూ ఉండే చెదురును పట్టుకోవడం నేర్పేదీ ఆ లెక్కే. పైగా ఇది డిగ్రీ ఉంటేనే అబ్బే విద్య కాదు. 2000ల్లో కడప, కర్నూలు సహా 7 కరువు జిల్లాల్లో సాగిన రైతుల భూగర్భజల పథకంలో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, రబీకి ముందు ఊరి నీటి పద్దు కట్టారు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వానంటే 10,000 లీటర్లు. వరి వెయ్యాలా, ఆరుతడికి మళ్లాలా అన్న చర్చ ఆ గుణకారం తర్వాతే.