గాజు మూల వెనుక మనిషి: కార్ల్ బెన్‌షైట్, ఫాగుస్ కర్మాగారం

ఆధునిక వాస్తుశిల్ప చరిత్రను చెప్పే పుస్తకాలలో ఒక ఛాయాచిత్రం తరచుగా కనిపిస్తుంది. మూడంతస్తుల కర్మాగారం, పొడుగాటి గాజు పలకలు, రెండు గాజు ముఖాలు కలిసే మూలలో స్తంభం లేకపోవడం – ఇవీ అందులో కొట్టొచ్చినట్టు కనిపించే విశేషాలు. చిత్రం కింద వాల్టర్ గ్రోపియస్ పేరు, 1911 అన్న సంవత్సరం ఉంటాయి. సహకారి అడాల్ఫ్ మేయర్ పేరు కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. ఆ కర్మాగారాన్ని సంకల్పించి, పెట్టుబడి సమకూర్చుకుని కట్టించిన కార్ల్ బెన్‌షైట్ (1858–1947) పేరు మరీ అరుదు. అయితే ఆ గాజు గోడ ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలంటే గ్రోపియస్ జీవితం కన్నా బెన్‌షైట్ జీవితమే ఎక్కువ చెబుతుంది.

బెన్‌షైట్ వృత్తి బూట్ల అచ్చుల తయారీ. బూటు కుట్టేవారు తోలును బిగించి ఆకారం తెచ్చే పాదరూపపు కొయ్య దిమ్మె ఈ అచ్చు. అది సరిగా లేకపోతే ఎంత మంచి తోలుతో కుట్టినా బూటు పాదాన్ని బాధిస్తుంది. ప్రకృతి చికిత్స మీద గట్టి నమ్మకం ఉన్న బెన్‌షైట్‌కు ఇది వ్యాపార విషయం మాత్రమే కాదు, ఆరోగ్య విషయం కూడా. పాదం సహజ స్వరూపాన్ని అనుసరించే అచ్చుల తయారీలో ఆయన నైపుణ్యం సంపాదించాడు. 1887లో జర్మనీలోని ఆల్‌ఫెల్డ్ పట్టణంలో అచ్చుల కర్మాగారం నడుపుతున్న కార్ల్ బేరెన్స్ ఆయనను నిర్వాహకుడిగా నియమించుకున్నాడు. 1896లో యజమాని మరణించిన తరువాత కూడా బెన్‌షైట్ అక్కడే కొనసాగాడు. చివరకు యజమాని కుమారుడితో విభేదాలు ముదిరి 1910లో రాజీనామా చేశాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది.

ఆ వయసులో ఆయన పాత సంస్థకు ఎదురుగా, రైలు పట్టాలకు ఆవలి వైపున, సొంత కర్మాగారం కట్టడానికి పూనుకున్నాడు. అచ్చులకు వాడే బీచ్ చెట్టు లాటిన్ పేరు ‘ఫాగుస్’ను సంస్థకు పెట్టాడు. కావలసిన పెట్టుబడిని అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రం బెవర్లీలో ఉన్న యునైటెడ్ షూ మెషినరీ కార్పొరేషన్ నుంచి రాబట్టాడు. ఆ సంస్థ బెవర్లీ కర్మాగారాన్ని ఇంజనీరు ఎర్నెస్ట్ రాన్సమ్ 1903–1906 మధ్య ఉక్కు కడ్డీలతో బలపరచిన కాంక్రీటుతో కట్టాడు. భారాన్ని కాంక్రీటు చట్రమే మోయడంతో గోడలో అత్యధిక భాగాన్ని కిటికీలకు వదిలిపెట్టడం సాధ్యమైంది. వెలుతురుతో నిండిన కర్మాగారం ఎలా ఉంటుందో బెన్‌షైట్‌కు డబ్బిచ్చిన సంస్థే అప్పటికి కట్టి చూపించింది. రేనర్ బాన్‌హమ్ 1986లో వెలువరించిన ‘ఎ కాంక్రీట్ అట్లాంటిస్’ అన్న గ్రంథం ఈ అమెరికా సంబంధాన్ని చర్చకు తెచ్చింది.

ఇక భవనం. బెన్‌షైట్ మొదట పిలిచింది గ్రోపియస్‌ను కాదు, కర్మాగారాల నిర్మాణంలో అనుభవజ్ఞుడైన ఎడ్వర్డ్ వెర్నర్‌ను. దుంగలు కోసే మిల్లు, కొయ్యను ఆరబెట్టే గది, నిల్వ గది, ఉత్పత్తి హాలు – వీటిని తయారీ క్రమానికి అనుగుణంగా అమర్చిన నమూనా వెర్నర్‌ది. పని పరంగా అది బెన్‌షైట్‌కు నచ్చింది, బయటి రూపం మాత్రం నచ్చలేదు. పట్టాల మీదుగా పోయే ప్రతి రైలులోని ప్రయాణికులూ తన కర్మాగారాన్ని చూస్తారు. పట్టాలకు ఆవల పాత యజమాని కర్మాగారమూ ఉంది. కొత్త భవనం ముఖమే శాశ్వత ప్రకటన కావాలన్నది ఆయన కోరిక. అందుకే 1911 ఆరంభంలో, అప్పటికి చెప్పుకోదగ్గ సొంత కట్టడమేదీ లేని ఇరవై ఏడేళ్ళ గ్రోపియస్‌కు ఆ ముఖాన్ని తీర్చే పని అప్పగించాడు. ఆ ఏడాది మే నెలలో వెర్నర్ నమూనా ప్రకారమే నిర్మాణం మొదలైంది. గదుల అమరికలో గ్రోపియస్, మేయర్ చేయగలిగినవి చిన్న మార్పులే.

ఇలా అన్నంత మాత్రాన గ్రోపియస్, మేయర్‌ల కృషి తగ్గిపోదు. గ్రోపియస్ అంతకు ముందు పనిచేసింది బెర్లిన్‌లో వాస్తుశిల్పి పీటర్ బేరెన్స్ కార్యాలయంలో. బేరెన్స్ 1909లో కట్టిన ఏఈజీ టర్బైన్ శాలలో గాజు లోపలికి వాలి ఉంటుంది, మూలలు కోట బురుజుల్లా బరువుగా నిలుస్తాయి. ఫాగుస్‌లో ఈ వరస తలకిందులైంది. ఇటుక స్తంభాలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి, గాజు నిటారుగా నిలిచి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది, బరువు కనిపించవలసిన మూలలో ఏమీ లేదు. అంతస్తుల మధ్య భాగాన్ని కూడా గాజు వరసలోనే లోహపు పలకలతో కప్పడంవల్ల మూడంతస్తులూ ఒకే తెరలా కనిపిస్తాయి. బెవర్లీలో కాంక్రీటు చట్రం సహజంగా ఇచ్చిన ఫలితాన్ని ఇక్కడ ఇటుక స్తంభాల మధ్య దృశ్యంగా సాధించారు. గురువు కట్టడానికి ఇది శిష్యుడి జవాబు. ఇక్కడ శిష్యుడంటే ఒక్క గ్రోపియస్ అనుకోకూడదు. తనకు బొమ్మ గీయడం చేతకాదని తల్లికి రాసిన లేఖలో వాపోయిన గ్రోపియస్‌కు, బేరెన్స్ కార్యాలయం నుంచే వచ్చిన మేయర్ చేయి ఎంత అవసరమో ఊహించవచ్చు.

మరి ఈ వెలుతురు ఎవరి కోసం? 1911 ఏప్రిల్‌లో హాగెన్ నగరంలో ఇచ్చిన ఉపన్యాసంలో గ్రోపియస్ శ్రమకు రాజప్రాసాదాలు కట్టాలని, కార్మికుడికి గాలీ వెలుతురూ పరిశుభ్రతతో పాటు గౌరవం కూడా దక్కాలని వాదించాడు. అలా చేస్తే ఉత్పత్తి కూడా పెరుగుతుందని యజమానులకు నచ్చచెప్పాడు. బెన్‌షైట్‌లో ఈ రెండు వాదనలూ కలిసే ఉన్నాయి. వెలుతురు ఆరోగ్యమన్నది ప్రకృతి చికిత్సావాది నమ్మకం. వెలుతురు ప్రకటన అన్నది వ్యాపారి లెక్క. వీటిలో ఒకదాన్ని మాత్రమే నిజమని తేల్చి ఆయనను మహాత్ముణ్ణో జిత్తులమారినో చేయడం ఆ జీవితానికి న్యాయం చేయదు. పాదానికి మేలు చేసే అచ్చును అమ్మి లాభం గడించినవాడికి మేలుకూ లాభానికీ మధ్య వైరం కనిపించి ఉండదు. అయితే ఒకటి గమనించాలి. చరిత్రకెక్కిన గాజు ముఖం బాటసారులకు కనిపించేది. యంత్రాలు తిరిగిన ఒంటి అంతస్తు ఉత్పత్తి హాలు దాని వెనుక ఉంది, ఛాయాచిత్రాలలో దానికి దక్కిన చోటు తక్కువ.

ఇంతమంది పాత్రలున్న కథ ఒక్క పేరుకు ఎలా కుదించుకుపోయింది? నికొలస్ పెవ్స్‌నర్ 1936లో ప్రచురించిన గ్రంథం ఆధునికోద్యమాన్ని విలియం మోరిస్‌తో మొదలుపెట్టి గ్రోపియస్‌తో ముగించింది. అలాంటి వంశవృక్షంలో ఒక్కో కొమ్మకు ఒక్క పేరే పడుతుంది. వెర్నర్ లాంటి కర్మాగార నిర్మాణ నిపుణుడికి, రాన్సమ్ లాంటి నిర్మాతకు, బెన్‌షైట్ లాంటి కక్షిదారుకు అందులో చోటుండదు. 1919లో బౌహౌస్ పాఠశాలను స్థాపించడంతో, 1937లో హార్వర్డ్‌కు అధ్యాపకుడిగా వెళ్ళడంతో గ్రోపియస్ కీర్తి పెరిగింది. ఆ కీర్తి వెనక్కి ప్రసరించి ఫాగుస్‌ను కూడా కమ్మేసింది. మసాచుసెట్స్ పెట్టుబడితో లేచిన భవనానికి కర్తగా ప్రసిద్ధుడైన మనిషి మసాచుసెట్స్‌లోనే అధ్యాపకుడు కావడం, ఆ భవనం అమెరికా రుణం మాత్రం చాలాకాలం మరుగున ఉండడం చరిత్రలోని వింత. తరువాతి కాలంలో ఆనమరీ యెగ్గి ఫాగుస్ మీద రాసిన గ్రంథం ఈ కథను తిరిగి కక్షిదారు వైపు నుంచి కూడా చూడడానికి వీలు కల్పించింది.

ఇది ఒక్క భవనానికి సంబంధించిన పేచీ కాదు. ఒక పనికి ముఖం ఇచ్చినవాడి పేరు మిగిలి, దాని నడక నిర్ణయించినవాడి పేరు చెరిగిపోవడం ఇంజనీరింగులో, వైద్యంలో, సాఫ్ట్‌వేరులో పనిచేసే వారెవరికీ కొత్త సంగతి కాదు. విమర్శ చేయవలసింది గ్రోపియస్‌ను దించి బెన్‌షైట్‌ను పీఠం మీద కూర్చోబెట్టడం కాదు. అలా చేస్తే పేరు మారుతుందే తప్ప పద్ధతి మారదు. వెర్నర్ అమరిక, మేయర్ గీత, గ్రోపియస్ ఊహ, బెవర్లీ డబ్బు, బెన్‌షైట్ పట్టుదల కలిస్తేనే ఆ మూల స్తంభం లేకుండా నిలిచింది.

పది భవనాల ఈ సముదాయాన్ని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఇప్పటికీ బూట్ల అచ్చులు తయారవుతున్నాయి. కట్టిన పనికే నూరేళ్ళు దాటినా ఉపయోగపడుతున్న కర్మాగారాలు ఆధునిక వాస్తుశిల్పంలో ఎక్కువ లేవు. ఆ మన్నికలో అధిక భాగం ఛాయాచిత్రంలో కనిపించని అమరికది, దాన్ని కోరి కట్టించుకున్న అచ్చుల తయారీదారుది.